గాజుగుండు కాల్చిన గీత

పొద్దు గూకాక చేసే పని అది. సూర్యుడు కనిపిస్తుండగా చేస్తే ఆ రోజు లెక్క చెడుతుంది. అందుకే మునిమాపు వేళ, కొంగలు గూళ్లకు మళ్లుతున్నప్పుడు, వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అబ్జర్వరు టార్చిలైటు పుచ్చుకుని తీగె కంచెలోకి వెళ్లేవాడు. చొక్కా జేబులో మరునాటి కార్డు ఉండేది. కంచె లోపల సిమెంటు దిమ్మె, దిమ్మె మీద లోహపు చట్రం, చట్రంలో ఒక గాజుగుండు. అడ్డకొలత పది సెంటీమీటర్లు. చూడ్డానికి పెద్ద బత్తాయికాయంత, చేతికి మాత్రం బరువు.

గుండు కింద గిన్నెలాంటి వంపులో ముదురు రంగు అట్టకార్డు ఇరుక్కుని ఉంటుంది. దాని మీద గంటగంటకీ ఒక తెల్లగీత. పగలల్లా ఎండ ఆ గుండులోంచి దూరి, ఒక చుక్కగా కుదించుకుపోయి, కార్డును కాలుస్తూ పోతుంది. సూర్యుడు తూర్పున ఉంటే ఆ చుక్క పడమటి కొసన పడుతుంది. మధ్యాహ్నం దాటాక తూర్పు వైపు జరుగుతుంది. సాయంత్రానికి కార్డు మీద సూర్యుడి దారి అంతా నల్లటి గాటుగా మిగులుతుంది. మబ్బు అడ్డొచ్చినప్పుడు గాటు తెగుతుంది. అబ్జర్వరు కార్డును మెల్లగా లాగి, కాలినచోట పిగిలిపోకుండా పట్టుకుని, వెనకవైపు కేంద్రం పేరు, తేదీ పెన్సిలుతో రాసేవాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన అట్ట వాసన. చైత్ర వైశాఖాల్లో గాటు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉండేది. శ్రావణంలో అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు, అంతే. ముసురు పట్టిన రోజున కార్డు పెట్టింది పెట్టినట్టే ఉండేది. దాన్నీ తీయాలి, తేదీ వేయాలి, దాచాలి. కాలని కార్డు కూడా రికార్డే.

ఈ పరికరం పేరు క్యాంప్‌బెల్-స్టోక్స్ సన్‌షైన్ రికార్డరు. కేంద్రాల్లో మాత్రం ఎవరూ అంత పేరు పలికేవారు కాదు, ‘సన్‌షైన్’ అంటే సరిపోయేది. 1853లో జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్ అనే స్కాట్లండు పెద్దమనిషి చెక్కగిన్నెలో నీళ్లు నింపిన గాజుగోళం పెట్టి ఎండ చేత చెక్కను కాల్పించాడు. ఆయన తన కొండసీమల జానపద కథలను ఊరూరా తిరిగి సేకరించినవాడు కూడా. కథల్ని పోగుచేసిన చేతులే ఎండనూ పోగుచేశాయి. 1879లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ చెక్కగిన్నె తీసేసి, రోజుకో కార్డు మార్చుకునే ఏర్పాటు చేశాడు. అప్పటినుంచి నూరేళ్ల పైన ఆ రూపం మారలేదు. కార్డులు మూడు రకాలు. ఎండాకాలానికి పొడుగు వంపు కార్డు, చలికాలానికి పొట్టి వంపు కార్డు, పగలూ రాత్రీ ఇంచుమించు సమానంగా ఉండే రోజులకు తిన్నని కార్డు. ఏప్రిల్ రెండో వారంలో పొడుగు కార్డుల కట్ట విప్పేవారు. సెప్టెంబరు మొదట్లో మళ్లీ తిన్నవి. అక్టోబరు సగం దాటాక పొట్టివి. దీనికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, కీ ఇవ్వక్కర్లేదు. కావలసిందల్లా రోజూ తప్పకుండా వచ్చే మనిషి.

ఆ మనిషి రోజు ఎలా గడిచేదన్నదే ఇక్కడ చెప్పుకోవలసిన కథ.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు నడుమ ఉన్న ఈ సీమకు ఎండ లెక్క ఎందుకు అని ఎవరైనా అడిగితే జవాబు వరిచేలోనే ఉంది. ఇక్కడ ఏటా రెండు పంటలు, వానాకాలపు సార్వా, దాని తరవాతి దాళ్వా. అదే నేల, అదే గోదారి నీరు, అదే రైతు. అయినా దాళ్వాలో ఎకరానికి బస్తాలు ఎక్కువ దిగుతాయి. సార్వా పైరు మబ్బుల కింద పెరుగుతుంది, దాళ్వా పైరు మాఘ ఫాల్గుణాల నిండు ఎండలో పాలు పోసుకుంటుంది. వెన్ను తీసిన దగ్గర్నుంచి గింజ గట్టిపడే దాకా ఎండ ఎన్ని గంటలు కాసిందన్నది దిగుబడిని నిలబెట్టే అంకె. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో కొత్త రకాలను పరీక్షించేటప్పుడు, ఆ రకం ఎంత పండిందో రాసిన పుస్తకం పక్కనే ఆ కాలంలో ఎండ ఎంత, వాన ఎంత, రాత్రి చలి ఎంత అని రాసిన పుస్తకమూ ఉండాల్సిందే. 1982లో విడుదలై దేశమంతా పాకిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఆ మడుల్లోంచి వచ్చిందే. వంగడం పేరు అందరికీ తెలుసు. పక్కన తీగె కంచెలో రోజూ కార్డు మార్చిన మనిషి సంగతి ఎవరూ రాయలేదు.

తరవాత మెట్టలోనూ ఇలాంటి అవసరం వచ్చింది. ఏలూరు దగ్గర పెదవేగిలో 1995లో ఆయిల్‌పామ్ జాతీయ పరిశోధన కేంద్రం వచ్చింది. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. ఆయిల్‌పామ్ చెట్టుకు రోజుకు ఎన్ని లీటర్ల నీరు పెట్టాలో చెప్పాలంటే నేల నుంచి, ఆకు నుంచి ఎంత నీరు ఆవిరవుతోందో ముందు తెలియాలి.

ఇక అబ్జర్వరు రోజు సంగతి. పొద్దున్న ఏడింటికి మొదటి విడత కొలతలు, మధ్యాహ్నం రెండింటికి రెండో విడత. ఆ ఏడు చేతి గడియారంలో ఏడు కాదు, ఆ ఊరి సూర్యుడి లెక్కలో ఏడు. మన దేశపు గడియారం 82న్నర డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అది కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. ఏలూరు దానికి సుమారు డిగ్రీన్నర పడమర. అంటే ఏలూరు సూర్యుడికి ఏడయ్యేసరికి గోడగడియారంలో ఏడు దాటి ఐదారు నిమిషాలవుతుంది. తాడేపల్లిగూడెంలో నాలుగు నిమిషాలు. ఈ తేడా చిన్నదే, కానీ అబ్జర్వరు దాన్ని మరిచేవాడు కాదు. ఊళ్లో పెళ్లి ఉన్నా, ఇంట్లో జ్వరం ఉన్నా, సంక్రాంతి భోగిమంట వెలుగుతున్నా, ఆ నిమిషానికి ఆయన లూవర్ల పెట్టె ముందు ఉండాలి.

తెల్లరంగు వేసిన చెక్కపెట్టె అది. నాలుగు పక్కలా చెక్కపలకలు ఏటవాలుగా పేర్చి ఉంటాయి, గాలి దూరుతుంది, ఎండ దూరదు. తలుపు ఉత్తరానికి. స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు. దీన్ని రూపొందించిన థామస్ స్టీవెన్‌సన్, ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన రచయితకు తండ్రి. తలుపు తీయగానే నాలుగు థర్మామీటర్లు. పొడి థర్మామీటరు, తడి థర్మామీటరు, మాక్సిమం, మినిమం. చదవడంలో ఒక క్రమం ఉంది, వేగం ఉంది. ఎదురుగా నిలబడిన మనిషి ఒంటివేడికి, ఊపిరికి పాదరసం కదులుతుంది. అందుకని ఊపిరి బిగబట్టి, కన్ను పాదరసం మట్టానికి సరిగ్గా పెట్టి, ముందు దశాంశం చదివి, తరవాత డిగ్రీ చదివేవారు. పాత చేతులు దాన్ని మూడు నాలుగు శ్వాసల్లో ముగించేవి. మాక్సిమం థర్మామీటరు గొట్టంలో ఒక నొక్కు ఉంటుంది, పైకెక్కిన పాదరసం దానంతట అది దిగిరాదు. అది దిగాలంటే థర్మామీటరును పట్టుకుని విదిలించాలి. ఆ విదిలించే తీరు చూసే కొత్తవాడా పాతవాడా అన్నది చెప్పేసేవారు.

తడి థర్మామీటరు సేవ వేరు. దాని బుడ్డికి మల్లుగుడ్డ చుట్టి, నూలు వత్తిని నీళ్ల సీసాలోకి దించాలి. గుడ్డ వారానికోసారైనా మార్చాలి, నీరు డిస్టిల్డ్ వాటరే కావాలి. కొల్లేటి పక్క బోరునీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని గుడ్డ గట్టిపడుతుంది, అంకె తప్పుతుంది. పొడి, తడి థర్మామీటర్ల తేడాను పట్టికలో చూస్తే గాలిలో తేమ శాతం తెలుస్తుంది. రోహిణి కార్తెలో పడమటి గాలి వీచే మధ్యాహ్నాల్లో ఆ తేడా విప్పారిపోతుంది. అదే రోజు సాయంత్రం సముద్రపు గాలి మళ్లగానే దగ్గరపడుతుంది. ఏలూరు వాళ్లు ‘చెమట పట్టి చంపుతోంది’ అనేదాన్ని అబ్జర్వరు రెండంకెల్లో రాసేవాడు.

అక్కణ్నుంచి గాలిమర. తల పైకెత్తి మూడు నిమిషాలు చూసి, అది ఎక్కువసేపు ఎటు నిలబడిందో ఆ దిక్కు రాయాలి. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అని మూలమూలకూ పేరున్న భాష మనది కనక ఇది తెలుగువాడికి వెన్నతో పెట్టిన విద్య. తరవాత ఆకాశాన్ని ఎనిమిది వంతులు చేసి, మబ్బు ఎన్ని వంతుల్లో ఉందో రాయాలి. ఆపైన నేలలో గుచ్చిన థర్మామీటర్లు. ఐదు సెంటీమీటర్ల లోతున ఎంత వేడి, పది లోతున ఎంత, ఇరవై లోతున ఎంత.

ఆవిరి కొలిచే పాత్ర దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. నాలుగడుగుల అడ్డకొలత, పది అంగుళాల లోతు, కింద చెక్క పీట, పైన తీగెల వల. వల ఎందుకంటే కాకులు, కొంగలు, కుక్కలు. చుట్టూ నీళ్లున్న సీమలో కూడా పిట్టలు ఆ పాత్రకే వచ్చేవి. ఒక్క కాకి తాగిపోతే ఆ రోజు ఎండ ఎక్కువ కాసినట్టు లెక్క తేలుతుంది! పాత్రలో ఒక పక్క చిన్న గొట్టం, అందులో పైకి పొడుచుకు వచ్చిన ముల్లు. నిన్న ముల్లు మొన అంటుకుని ఉన్న నీళ్లు ఇవాళ కిందికి దిగి ఉంటాయి. కొలగొట్టంతో నీళ్లు పోస్తూ పోస్తూ, మొన మళ్లీ నీటిని తాకీ తాకనట్టు ఉండేచోట ఆపాలి. కొలగొట్టం వైశాల్యం పాత్ర వైశాల్యంలో సరిగ్గా నూరోవంతు. గొట్టంలో పది సెంటీమీటర్లు పోస్తే పాత్రలో ఒక మిల్లీమీటరు ఆవిరైనట్టు.

ఈ ఒక్క మిల్లీమీటరు ఎంతదో కొల్లేరులో చూడాలి. ఐదో కాంటూరు, అంటే ఐదో ఎత్తుగీత, దాకా సరస్సు వైశాల్యం 308 చదరపు కిలోమీటర్లు. 1999లో అభయారణ్యంగా ప్రకటించిందీ, 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరున చేపల చెరువుల గట్లు కొట్టిందీ ఈ హద్దును బట్టే. ‘కాంటూరు’ అన్న ఇంజనీర్ల మాట అప్పటికే లంకల్లో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చింది. ఐదో కాంటూరు నిండా నీళ్లున్నాయనుకుంటే, ఒక్క మిల్లీమీటరు ఆవిరైతే పోయేది 30 కోట్ల 80 లక్షల లీటర్లు. పాత్రలో ఏడు మిల్లీమీటర్లు తగ్గిన వేసవి రోజున సరస్సు మీద అది సుమారు ఐదుగా వేసుకుంటారు. లోహపు పాత్ర సరస్సు కన్నా త్వరగా వేడెక్కుతుంది కనక 0.7తో హెచ్చించడం ఆనవాయితీ. అంటే ఒక్క పగటికి నూట యాభై కోట్ల లీటర్ల పైన గాలిలో కలుస్తుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసేది, ఉప్పుటేరు సముద్రానికి మోసేది అందరికీ కనిపిస్తుంది. సూర్యుడు మోసుకుపోయేది ఈ పాత్రలో ముల్లు దగ్గర తప్ప ఎక్కడా కనిపించదు.

కొల్లేటి వాళ్లకు తమ కొలతలు వేరే ఉండేవి. తాటిదోనె మీద గడకర్ర పోటు వేస్తూ ‘మోకాలి లోతు’, ‘మొలలోతు’, ‘నిలువు లోతు’ అని చెప్పుకునేవారు. ఎండ సంగతి ఎండుచేప చెప్పేది. నేల మీద పరిచిన చేప రెండెండలకు ఎండిందా, నాలుగెండలు పట్టిందా అన్నదే వాళ్ల సన్‌షైన్ కార్డు. తాడేపల్లిగూడెం వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో యంత్రాలతో ఆరబెట్టడం రాకముందు, సిమెంటు కళ్లాల మీద ఉడికిన ధాన్యాన్ని కాళ్లతో తిరగేస్తూ కూలీలు చెప్పిన మాటా అదే: ‘ఇంకో ఎండ కావాలండీ’. ఎండను గంటల్లో కాదు, ఎండల్లోనే లెక్కపెట్టిన కాలమది.

చేపల చెరువులు వచ్చాక మబ్బు భయం కొత్తగా పుట్టింది. చెరువు నీళ్లలోని పచ్చని నాచుజీవులు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తాయి, రాత్రి తామే దాన్ని వాడుకుంటాయి. రెండు మూడు రోజులు ముసురు పడితే తెల్లవారుజామున చేప పైకి తేలుతుంది. కైకలూరు, ఆకివీడు దారుల్లో రాత్రిళ్లు గట్ల మీద టార్చిలైట్లు తిరిగేది అందుకే. ఏరేటర్లు తిప్పాలా వద్దా అన్నది ఆ పగలు ఎండ ఎంత కాసిందన్నదాని మీద ఉంటుంది. పాత సన్‌షైన్ కార్డు వరి కోసం మొదలైనా, చేపకూ అంతే అక్కర.

ఇక వాన. వాన కొలతకు ఉన్న పేరు ఎండ కొలతకు ఎన్నడూ రాలేదు. ప్రతి తాలూకా కచేరీ ఆవరణలో ఒక రెయిన్‌గేజి ఉండేది. నేలలో దిగేసిన లోహపు పాత్ర, ఐదంగుళాల నోరు, లోపల గరాటు, కింద సీసా. తరవాత ఫైబర్‌గ్లాస్‌వి వచ్చాయి. చెట్టుకు గాని గోడకు గాని దాని ఎత్తుకు రెండింతల దూరాన ఉండాలన్నది నియమం. పొద్దున్న ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లు కొలగ్లాసులో పోసి చదివి రిజిస్టరులో ఎక్కించేవారు. ఎనిమిదిన్నరతో రోజు మారుతుంది. మంగళవారం సాయంత్రం కురిసిన వాన బుధవారం ఖాతాలో పడుతుంది. దీని మీద కచేరీ అరుగు దగ్గర రోజూ తగువే.

‘ఏవండీ, రాత్రి వాన ఎంత పడిందండీ?’

‘ఇరవై రెండున్నర మిల్లీమీటర్లండి.’

‘అంటే అంగుళానికి కాస్త తక్కువే. మా చేలో అంతకన్నా ఎక్కువే పడుంటదండి!’

పెద్దవాళ్లు మిల్లీమీటర్లను ఒప్పుకునేవారు కాదు. వాళ్లకు అంగుళాలు, సెంట్లే లెక్క. అంగుళంలో నూరోవంతు ఒక సెంటు. ‘యాభై సెంట్ల వాన’ అంటే అర అంగుళం. నేలకూ వానకూ ఒకే మాట వాడుకున్న లెక్క కనక రైతు నోట అది బాగా కుదిరింది. అంగుళం వాన ఎకరం మీద పడితే లక్ష లీటర్ల పైమాటే. ఆ లక్ష లీటర్లను కచేరీలో ఒక అటెండరు చేతిలోని గ్లాసులో కొలిచేవారు. ఆ అంకె ఏలూరు కలెక్టరాఫీసుకు పోయేది. గట్టి వాన పడితే టెలిగ్రాం వెళ్లేది. మర్నాడు పేపరులో జిల్లా పేజీ తిప్పి తమ ఊరి పేరు పక్కన అంకె చూసుకోవడం చాలామందికి కాఫీతో పాటు జరిగే పని.

రాసినవన్నీ నిజమైన అంకెలేనా అంటే కాదు. ఈ మాట దాచకూడదు. సెలవు రోజున కొలవకుండా మర్నాడు రెండు రోజుల నీళ్లూ కలిపి కొలిచి చెరి సగం పంచిన సందర్భాలున్నాయి. థర్మామీటరు చూడకుండా ‘నిన్నటిలాగే ఉంది’ అని రాసినవీ ఉన్నాయి. పాత రిజిస్టర్లను పరీక్షించేవాళ్లకు ఒక గుర్తు తెలుసు. దశాంశం దగ్గర సున్నాలు, ఐదులు అతిగా కనిపిస్తే ఆ చెయ్యి సరిగా చదవలేదని అర్థం. నిజంగా చదివిన పుస్తకంలో అంకెలన్నీ ఇంచుమించు సమానంగా వస్తాయి. మంచి చెయ్యి రాసిన పుస్తకం పేజీ తిప్పగానే తెలిసిపోతుంది. అక్షరం నిలకడగా ఉంటుంది, కొట్టివేత ఉన్నచోట పక్కన పొట్టి సంతకం ఉంటుంది, కొలత తప్పిన రోజున ఖాళీ ఖాళీగానే ఉంటుంది. ఖాళీని ఖాళీగా వదిలిన ఆ నిజాయితీ వల్లే మిగతా అంకెల్ని నమ్మగలుగుతున్నాం.

కొలవడం సగం పని. మిగతా సగం బల్ల దగ్గర. సన్‌షైన్ కార్డును బల్ల మీద పరిచి, గాటు పొడవు గంటగంటకూ దశాంశాల్లో రాయాలి. మబ్బులు వచ్చీ పోయే రోజున ఇది కష్టం. క్షణంసేపు తొంగిచూసిన ఎండ కూడా కార్డును చుట్టుపక్కల కాస్త ఎక్కువ కాలుస్తుంది. విడివిడి చుక్కల్ని అలాగే కూడితే లెక్క పెరుగుతుంది, అందుకని వాటిని కొంత తగ్గించి వేసేవారు. పొద్దుపొడుపు, పొద్దుగూకు వేళల్లో ఎండకు కార్డు కాల్చేంత వాడి ఉండదు. ఆ నిమిషాలు ఎలాగూ దక్కవు.

ఎండ కాసిన గంటల నుంచి సూర్యుడి శక్తిని తేల్చడానికి ఒక సూత్రం ఉంది. 1924లో స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ చెప్పినదాన్ని 1940లో ప్రెస్కాట్ సవరించాడు. దాని సారం సులువు. కార్డు పగలంతా కాలితే, గాలిపొరల పైన పడిన శక్తిలో సుమారు ముప్పాతిక నేలకు చేరినట్టు. సగం పగలు కాలితే సగం. అసలు కాలకపోయినా పాతిక వంతు చేరుతుంది, మబ్బులోంచి జారే వెలుగు అది. ప్రాంతాన్ని బట్టి ఈ వాటాలు కొద్దిగా మారతాయి. నేరుగా సూర్యశక్తిని కొలిచే ఖరీదైన పరికరం లేని చోట ఈ గాజుగుండే ఆ పని చేసిపెట్టింది.

నేరుగా కొలిచే పని మన దేశంలో 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంతో గట్టిగా మొదలైంది. దాని వెనక ఉన్న పేరు అన్నా మణి. 1918లో కేరళలో పీరుమేడులో పుట్టి, సి.వి.రామన్ దగ్గర పరిశోధన చేసి, వాతావరణ శాఖలో చేరి, దిగుమతి పరికరాల మీద ఆధారపడకుండా పుణెలోనే తయారు చేయించిన మనిషి. దేశమంతటి సూర్యశక్తి లెక్కలతో ఆమె కూర్చిన పుస్తకం 1980లో వచ్చింది. అందులో మన విశాఖపట్నం కొలతలూ ఉన్నాయి. విశాఖకు ఈ పని కొత్త కాదు. 1840లోనే గోడె వెంకట జగ్గారావు అక్కడ సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నిలబెట్టి, 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని, 1874 శుక్రగ్రహ సంక్రమణాన్ని చూసి రాశారు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. శాఖ రాకముందే ఆకాశాన్ని రోజూ చూసి రాసిపెట్టిన తెలుగువాళ్లు ఉన్నారని మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

లెక్కల గదిలో ఏడాదిని 52 వారాలుగా కోసేవారు. జనవరి 1 నుంచి 7 దాకా మొదటి వారం. లీపు సంవత్సరంలో తొమ్మిదో వారానికి ఎనిమిది రోజులు, ఏటా చివరి వారానికి ఎనిమిది. వానా, ఎండా, ఆవిరీ అన్నీ ఈ వారాల లెక్కన సగటు కట్టేవారు. రైతు లెక్క వేరు. ఆయనకు ఏడాది 27 కార్తెలు. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. అదీ సూర్యుడి కొలతే! మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర 22 ప్రాంతంలో ఏటా కదలకుండా వస్తాయి. అందుకే ‘23వ వారం’ అని శాస్త్రవేత్త చెబితే రైతు ‘మృగశిర మొదలురా’ అని తర్జుమా చేసుకునేవాడు. ఏ పరిశోధన కేంద్రంలోనైనా పాత ఉద్యోగులు ఈ రెండు పంచాంగాలనూ గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగేవారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం పాడిపంటల్లో మాట్లాడడానికి వెళ్లినప్పుడు వారాలు పక్కన పెట్టి కార్తెల్లోనే చెప్పేవారు.

ఇదంతా ఒక్కరోజులో పోలేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రెయిన్‌గేజిలు మండలాఫీసులకు చేరాయి, పశ్చిమగోదావరిలో 46 మండలాలకు 46 అంకెలు. తరవాత దిమ్మెల మీద ఇనుప స్తంభాలు లేచాయి, వాటికి సోలార్ పలక, చిన్న యాంటెనా. వాన రెండు పక్కలకూ ఊగే చిన్న తొట్టెలో పడి, తొట్టె ఒరిగినప్పుడల్లా ఒక లెక్క పడుతుంది. 2011లో సూర్యశక్తి కొలవడానికే దేశంలో 51 చోట్ల యంత్రకేంద్రాలు పెట్టారు. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయింది. పాదరసం వాడకాన్ని తగ్గించాలన్న మినమాటా ఒప్పందంలో మన దేశం 2018లో చేరింది. దాంతో థర్మామీటర్లూ దారి పట్టాయి.

కొత్తవి వద్దనడం తెలివితక్కువ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు గంటగంటకూ వాన అంకె చేతికి రావడం ఎంత అవసరమో అందరూ చూశారు. పొద్దున్న ఎనిమిదిన్నర దాకా ఆగే కొలత ఆ రాత్రి ఎవరినీ కాపాడలేదు. యంత్రం అర్ధరాత్రి కూడా చదువుతుంది, సెలవు పెట్టదు, సున్నాలూ ఐదులూ ఇష్టపడదు. కానీ తొట్టెలో సాలీడు గూడు కడితే అది చెప్పదు. సూర్యశక్తి కొలిచే గాజు బుడిపె మీద పిట్ట రెట్ట వేస్తే ఆ మధ్యాహ్నం మబ్బు పట్టినట్టే లెక్క పంపుతుంది. రోజూ వచ్చి మెత్తని గుడ్డతో గాజును తుడిచే మనిషి పోయాక ఆ తుడుపు కూడా పోయింది. పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ కొన్నేళ్లపాటు పక్కపక్కన నడిపి రెండింటి తేడా రాసుకోకపోతే, ఎండ తగ్గిందా, కొలిచే పరికరం మారిందా అన్నది రేపటివాళ్లకు తేలదు. ఆ జాగ్రత్త అన్నిచోట్లా తీసుకోలేదు, అది పెద్ద నష్టం.

ఈ సీమలో నలభై యాభై ఏళ్లలో ఎంత మారిందో ఒకసారి ఆలోచించండి. కొల్లేరు నీటి పరపు తగ్గి చెరువులు పెరిగాయి. మెట్టలో ఆయిల్‌పామ్ తోటలు లేచాయి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం రన్‌వే వేసిన తాడేపల్లిగూడేనికి 2015లో ఎన్ఐటీ వచ్చింది. నేల ఇంత మారినప్పుడు గాలిలో తేమ మారిందా, మధ్యాహ్నపు ఎండ మారిందా, రాత్రి చలి తగ్గిందా అన్న ప్రశ్నలకు జవాబు కొత్త యంత్రాల్లో లేదు. అవి పుట్టకముందు సంగతి వాటికి తెలియదు. జవాబు ఉన్నది బీరువాల్లో, అటకల మీద. నూలుదారంతో కట్టిన సన్‌షైన్ కార్డుల కట్టల్లో, అట్ట ఊడిన రిజిస్టర్లలో, చెదలు తాకిన వాన పుస్తకాల్లో.

ఆఫీసు మారినప్పుడల్లా అవి పాతకాగితాల కొట్టుకు కిలోల లెక్కన పోతున్నాయి. ఉద్యోగ విరమణ చేసిన అబ్జర్వర్ల ఇళ్లలో సొంత నోటు పుస్తకాలు కూడా ఉన్నాయి. తాలూకా కచేరీలో నాన్నగారో తాతగారో పనిచేసిన ఇళ్లలో ఇలాంటివి కనబడితే అమ్మేయవద్దు, చింపవద్దు. ప్రతి పేజీనీ ఫోనుతో ఫోటో తీసి పెట్టండి. అసలు పుస్తకాన్ని మార్టేరుకో, వెంకటరామన్నగూడేనికో, దగ్గర్లో ఉన్న వాతావరణ కేంద్రానికో అప్పజెప్పండి. కాలని కార్డులుంటే అవి కూడా ఇవ్వండి.